ఉద్దానం సర్వే ఫైలు చేతికొచ్చింది: డేటాను మళ్ళీ వాడుకునేలా తయారు చేయడం ఎలా?

పీహెచ్‌డీ చేతికి రాగానే పరిశోధకులు డేటాను ఆర్కైవ్‌కు అప్పగించి వెళ్ళిపోతారు. ఆర్నెల్ల దాకా ఫోన్ ఎత్తుతారు. ఏడాది దాటితే "ఫైళ్ళు చూసి చెప్తానండీ" అంటారు. మూడేళ్ళకు నంబరే పనిచేయదు. ఆ డేటాతో నిజంగా పని పడేవాళ్ళు మాత్రం సరిగ్గా అప్పుడే వస్తారు. ఆర్కైవ్‌లో కూర్చున్నవాళ్ళ పని అంతా ఈ ఎడం పూడ్చడమే. అడగడానికి మనిషి దొరికే రోజుల్లోనే అన్నీ అడిగి, ఆ జవాబులను ఫైలు పక్కనే కట్టి పెట్టాలి.

పని ఎలా సాగుతుందో చెప్పడానికి ఒక డేటా ఊహించుకుందాం. ఇది నిజంగా జరిగిన సర్వే కాదు, మన పాఠం కోసం అల్లుకున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, కంచిలి మండలాలు. 640 ఇళ్ళు. ఒక పరిశోధకురాలూ ఆమె బృందమూ 2018 జూన్ నుంచి 2019 మే దాకా తిరిగారు. తాగే నీళ్ళు ఎక్కడివి, పొలం ఎంత, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని అడిగారు, రక్తం తీసి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు. మన చేతికి వచ్చినవి మూడు ఎక్సెల్ ఫైళ్ళు, అను ఫాంట్లలో కొట్టిన ప్రశ్నావళి, ఫోన్‌తో తీసిన బావుల ఫొటోలు. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో. ఒక ఫైలు పేరు "ఫైనల్", ఇంకొకటి "ఫైనల్ కొత్తది".

ఉద్దానాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. ఏళ్ళ తరబడి ఒక బృందం తర్వాత ఇంకో బృందం వెళ్ళి రక్తం తీస్తూనే ఉంది. ఒకసారి తీసిన రక్తంలోంచి వచ్చిన అంకెలను నలుగురు వాడుకోగలిగితే, ఐదోసారి అదే గుమ్మం ముందు సూది పట్టుకుని నిలబడక్కర్లేదు.

ముందు అసలు ఫైలుకు తాళం వేయండి

పెన్‌డ్రైవ్ రాగానే వైరస్ స్కాన్ చేసి, మొత్తాన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చండి. ఎక్సెల్ ఫైలును ఊరికే తెరిచి చూద్దామనుకోకండి. చూసి మూసేటప్పుడు అలవాటుగా సేవ్ నొక్కితే, తేదీలూ ముందున్న సున్నాలూ మారిపోయే ప్రమాదం ఉంది. చూడాలనుకుంటే ఇంకో కాపీ చేసుకుని అది చూడండి.

తర్వాత ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీయాలి. ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది. షా-256 అనే పద్ధతిలో 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది, ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే ఆదేశాలు దీనికోసమే ఉన్నాయి, డబ్బు కట్టి ఏమీ కొనక్కర్లేదు. ఫైలు పేరు, సైజు, వచ్చిన తేదీ, చెక్‌సమ్ ఒక పట్టికలో రాసి పెట్టండి. రేపు "మేమిచ్చింది ఇది కాదు" అన్న మాట వస్తే ఆ పట్టికే సాక్షి.

ఆర్కైవ్‌లు వాడే ఓఏఐఎస్ అనే నమూనా ఒకటుంది. అంతరిక్ష సంస్థల ఉమ్మడి కమిటీ తయారు చేసింది, తర్వాత ఐఎస్‌ఓ 14721 ప్రమాణం అయింది. అందులో ప్రతి డేటాకూ మూడు మూటలు: ఇచ్చినవాళ్ళు ఇచ్చినట్టే ఉన్నది ఒకటి, దాచిపెట్టేది ఒకటి, అడిగినవాళ్ళకు ఇచ్చేది ఒకటి. పేర్లు ఎలా ఉన్నా, మూడూ వేరువేరు ఫోల్డర్లని మాత్రం గుర్తుంచుకోండి. మొదటి మూటలో తప్పు కనబడినా దిద్దకూడదు. దిద్దుబాట్లన్నీ తర్వాతి మూటల్లోనే, అవీ చేత్తో కాకుండా ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టుతో. స్క్రిప్టు ఉంటే ఏం మార్చారో అదే చెబుతుంది. చేత్తో మార్చింది మీకే వారంలో మరుపు.

ఒప్పంద పత్రం కూడా ఈ దశలోనే సంతకం కావాలి. డేటా ఎవరిది, గైడ్‌కూ యూనివర్సిటీకీ అభ్యంతరం ఉందా, నిధులిచ్చిన సంస్థ షరతులేమిటి, ఎప్పటినుంచి బయటపెట్టవచ్చు. థీసిస్ నుంచి వ్యాసాలు వచ్చేదాకా ఆగమంటే ఆగుదాం, కానీ పత్రంలో తేదీ ఉండాలి. "తర్వాత చెప్తాను" అన్నది తేదీ కాదు.

ప్రశ్నల చిట్టా ఒకేసారి పంపండి

కాపీ తెరిచి ఒక రోజంతా కూర్చోండి. దిద్దొద్దు, అర్థంకానివన్నీ రాసుకుంటూ పోండి. రోజుకొక ప్రశ్న చొప్పున ఫోన్ చేస్తే ఎవరైనా విసుక్కుంటారు. అన్నీ కలిపి ఒకే చిట్టాగా పంపితే జవాబులు కూడా రాతపూర్వకంగా వస్తాయి. మన ఊహా సర్వేకు నేనైతే ఇలా రాస్తాను:

- "ఫైనల్"లో 640 వరుసలు, "ఫైనల్ కొత్తది"లో 637. ఆ మూడిళ్ళు ఎందుకు తీశారు?
- పసుపు రంగు వేసిన గడులకు అర్థం ఏమిటి?
- "నీరు" అనే నిలువు వరుసలో 1, 2, 3, 4, 9 ఉన్నాయి. ప్రశ్నావళిలో నాలుగు జవాబులే ఉన్నాయి. 9 ఏమిటి?
- క్రియాటినిన్ 0 అని 12 చోట్ల ఉంది. పరీక్ష చేయలేదా, ఫలితం రాలేదా?
- తితలీ తుపాను తర్వాత వెళ్ళిన ఇళ్ళు ఏవి?

ఈ చివరి ప్రశ్న ఫైలు చూస్తే తట్టదు, ఊరు తెలిస్తేనే తడుతుంది. తితలీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలాయి. జూన్‌లో అడిగిన "ఏటా తోట మీద ఎంత వస్తుంది?" అన్న ప్రశ్నా, నవంబరులో అడిగిన అదే ప్రశ్నా ఒకటి కావు. ఇంటింటికీ సర్వే తేదీ లేకపోతే ఆదాయం నిలువు వరుసను ఎవరూ నమ్మలేరు. అందుకే డేటా సర్దేవాళ్ళకు కంప్యూటరు ఎంత తెలియాలో ఆ ప్రాంతం కూడా అంత తెలియాలంటాను.

చిట్టా పంపాల్సిన చోట ఊహించేసి నేను ఒకసారి దెబ్బ తిన్నాను. వేరే డేటాలో రెండు ఊళ్ళ పేర్లు ఒక్క అక్షరం తేడాతో ఉన్నాయి. మన వైపు పుట్టుగ అని ముగిసే పేర్లు బోలెడు కదా, టైపింగ్ తప్పనుకుని రెంటినీ కలిపేశాను. అవి నిజంగానే రెండు ఊళ్ళు. అసలు ఫైలు తాళంలో ఉంది కాబట్టి బతికిపోయాను.

ఫైలు రూపం మార్చడం: ఎక్సెల్, తేదీలు, అను ఫాంట్లు

భద్రపరిచే కాపీ సీఎస్‌వీ రూపంలో ఉంటే మేలు. అది ఉత్త టెక్స్ట్ ఫైలు, ఏ కంపెనీ మూతపడినా తెరుచుకుంటుంది. ఎక్సెల్ కాపీని వాడేవాళ్ళ సౌకర్యం కోసం పక్కన ఉంచవచ్చు. మార్చే ముందు ఎక్సెల్‌లో మాత్రమే ఉండి సీఎస్‌వీలోకి రానివి ఏమున్నాయో చూడాలి. కలిపేసిన గడులు, రంగులు, గడి మూలలో పెట్టిన కామెంట్లు, దాచిన షీట్లు, ఫార్ములాలు. రంగుకు అర్థం ఉంటే దానికో కొత్త నిలువు వరుస పెట్టండి. ఉదాహరణకు పసుపు రంగు అంటే "రెండోసారి వెళ్ళిన ఇల్లు" అని జవాబు వస్తే, "రెండో సందర్శన: అవును, కాదు" అని రాయాలి.

పాత ఎక్సెల్ రూపంలో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత రూపం ఫైళ్ళలోకి ఎక్కిస్తుంటే, పట్టనివి రాలిపోయి 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. మన 640 ఇళ్ళకు ఆ భయం లేదు కానీ, మార్చడానికి ముందూ తర్వాతా వరుసలు లెక్కపెట్టే అలవాటు ఈ కథ విన్నాకైనా రావాలి.

తేదీలను సంవత్సరం-నెల-రోజు వరుసలో, 2019-04-03 లాగా రాయండి. 03/04/2019 అని ఉంటే అది ఏప్రిల్ 3 అని మనమంటాం, కంప్యూటరు భాష అమెరికా ఇంగ్లీషులో ఉంటే మార్చి 4 అంటుంది. రోజు 12 దాటిన తేదీలు సరిగ్గా ఉండి, 12 లోపువి మాత్రం తారుమారై ఉంటే ఇదే జబ్బు. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్ళలో ఇంకో రకం. అవి తేదీని 1904 నుంచి లెక్కపెడతాయి, విండోస్ 1900 నుంచి. రెండు ఫైళ్ళ మధ్య కాపీ చేస్తే తేదీలు 1,462 రోజులు జరుగుతాయి. ఎవరైనా నాలుగేళ్ళు ముందుగా పుట్టినట్టు కనబడితే అక్కడ చూడండి.

ఇక తెలుగు. అను ఫాంట్లతో కొట్టిన ప్రశ్నావళి నిజానికి తెలుగు కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, వాటి మీద తెలుగు ఆకారాల ముసుగు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే గజిబిజి. కన్వర్టర్లతో అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చవచ్చు, కానీ వత్తుల దగ్గరా అరుదైన సంయుక్తాక్షరాల దగ్గరా అవి తప్పులు చేస్తాయి. కాబట్టి మార్చాక ప్రింటు కాపీ పక్కన పెట్టుకుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద చూడాలి. పాతకాలం ప్రూఫ్ రీడింగే. ఫాంటుతో కూడిన పీడీఎఫ్ కూడా దాచండి. సందేహం వస్తే అసలు రూపం చూసుకోవడానికి.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా రెండు చిక్కులున్నాయి. ఒకటి, "రైతు" అనే మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద ఇంకో ముక్కా కలిపి రెండు గుర్తులుగా కూడా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం వేరు, వృత్తుల పట్టికలో రైతులు రెండు జాతులుగా తేలతారు. ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ నడిపితే ఇది పోతుంది, స్క్రిప్టులో ఒక్క వరుస. రెండోది, పదం మధ్యలో కంటికి కనబడని విడదీత అక్షరం. ఫోన్ కీబోర్డుల నుంచి తరచూ వస్తుంది. ఊరి పేర్లలో దీన్ని తీసేయండి. వాక్యాల్లో మాత్రం అన్నీ తీసేయకండి, పొల్లు ఉన్న మాటలు కొన్ని దాని మీదే నిలబడి ఉంటాయి.

తెలుగు ఉన్న సీఎస్‌వీని యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేయాలి. డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే కొన్నిసార్లు చెత్తలా కనబడుతుంది. ఫైలు పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలు తెచ్చుకునే దారిలో వెళ్ళి, 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే వచ్చేస్తుంది. ఈ రెండు వాక్యాలను డేటాతో ఇచ్చే రీడ్‌మీ అనే పరిచయ ఫైలులో రాయండి. లేకపోతే అదే ప్రశ్న మీకు ఫోన్‌లో వస్తూనే ఉంటుంది.

గడిలో ఉన్న అంకెకు అర్థం

ఖాళీ గడి, 0, 9, 99, "తెలీదు", "ఎన్.ఏ." అన్నీ ఒకే ఫైలులో కనిపిస్తాయి. ఇవి ఒకటి కావు. అడగలేదు, అడిగాం కానీ చెప్పలేదు, తెలియదన్నారు, ఈ ఇంటికి ఈ ప్రశ్న వర్తించదు. నాలుగింటికీ నాలుగు వేరు కోడ్‌లు పెట్టండి, అవి నిజమైన విలువలతో కలవకూడదు. వయసు దగ్గర 99 పెడితే నిజంగా 99 ఏళ్ళ ముసలమ్మ మాయమవుతుంది. రుణాత్మక అంకెలు, అంటే -7, -8, -9 లాంటివి ఇలాంటి చోట క్షేమం.

కొలతలు రాయకుండా ఏ అంకెనూ వదలకండి. క్రియాటినిన్ ఒక ల్యాబ్‌లో డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో 1.2 అని ఇస్తారు, ఇంకో ల్యాబ్‌లో లీటరుకు మైక్రోమోల్స్‌లో 106 అని. రెండూ ఒకే విలువ, 88.4తో గుణించడమే తేడా. పొలం దగ్గర ఎకరాలూ సెంట్లూ సులువు. కానీ కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ గరిసెల్లోనూ కుంచాల్లోనూ చెబుతారు. ఊరిని బట్టి కొలత మారే మాటలను మీరే ఎకరాల్లోకి మార్చేయకండి. చెప్పిన మాట ఒక వరుసలో, పరిశోధకురాలు మార్చిన లెక్క పక్క వరుసలో, ఏ లెక్కన మార్చారో కోడ్‌బుక్‌లో, అంటే నిలువు వరుసల అర్థాలు చెప్పే పత్రంలో. బస్తాలూ అంతే. పలాస వైపు జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. అదే రైతు ధాన్యం గురించి "బస్తా" అంటే ఎన్ని కిలోలో అడిగి తీరాలి.

లెక్కకట్టి పెట్టిన విలువలకు సూత్రం కూడా ఉండాలి. కిడ్నీ వడపోత రేటును క్రియాటినిన్, వయసు, లింగం నుంచి లెక్కిస్తారు. దానికి 2009 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం ఒకటి, 2021లో సవరించినది ఇంకొకటి. ఏది వాడారో రాయకపోతే రెండు సర్వేలను పక్కపక్కన పెట్టడం దండగ.

జిల్లా పేరు అలాగే ఉంది, జిల్లా మారింది

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాలకొండ వైపు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, రాజాం వైపు విజయనగరం జిల్లాలో కలిసింది. అంటే 2011 జనాభా లెక్కల్లో 27,03,114 మంది ఉన్న శ్రీకాకుళం, ఇప్పుడు మ్యాపులో కనిపించే శ్రీకాకుళం ఒకటి కావు. విజయనగరానికైతే ఇది రెండో మార్పు. అసలు ఆ జిల్లాయే 1979 జూన్ 1న పుట్టింది, అంతకు ముందరి లెక్కల్లో విజయనగరం జిల్లా అని వెతికితే దొరకదు.

పరిష్కారం చిన్నదే. సర్వే నాటి జిల్లా పేరును ముట్టుకోకండి. పక్కన ఇప్పటి జిల్లా పేరుకు ఒక వరుస, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని మండలం కోడ్‌కు ఇంకో వరుస చేర్చండి. స్పెల్లింగు బెడద కోడ్‌తో తీరిపోతుంది. ఇచ్ఛాపురం, ఇచ్చాపురం అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసినా కోడ్ ఒకటే. కోడ్ నిలువు వరుసను అంకెగా కాక టెక్స్ట్‌గా ఉంచండి, లేకపోతే ఎక్సెల్ ముందరి సున్నాలను మింగేస్తుంది.

మనుషుల ఆనవాళ్ళు

తొందర పనికిరాని చోటు ఇదే. పేరు, ఫోన్ నంబరు, ఆధార్, రేషన్ కార్డు నంబరు, ఇంటి జీపీఎస్, ముఖం కనిపించే ఫొటోలు ముందే తీసేస్తాం. అది అందరికీ తెలుసు. ఫొటో ఫైలు లోపల దాగి ఉండే జీపీఎస్, ఎక్సెల్ ఫైలు వివరాల్లో ఉండే టైపిస్టు పేరు, దాచిన షీట్‌లో మిగిలిపోయిన ఫోన్ నంబర్లు మాత్రం చాలామంది మరిచిపోతారు.

ఫోన్ నంబరును హ్యాష్ చేసి, అంటే చెక్‌సమ్ లాంటి వరుసగా మార్చి, ఇంటి గుర్తుగా వాడితే చాలదా అని అడుగుతారు. చాలదు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే పది అంకెలు, అంటే మొత్తం 400 కోట్ల కలయికలే. ఒక మామూలు కంప్యూటరు వాటన్నిటికీ హ్యాష్ తీసి పోల్చేయగలదు. ఇంటి గుర్తు సంఖ్యను లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఇవ్వండి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టికను పరిశోధకురాలి దగ్గరే ఉంచండి, లేదా ఇద్దరూ కలిసి చెరిపేయండి.

అసలు చిక్కు పేర్లు తీసేశాక మొదలవుతుంది. 1990ల్లో అమెరికాలో మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికి విద్యార్థిగా ఉన్న లతాన్యా స్వీనీ 20 డాలర్లకు కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ కలిపి చూసి, ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ రికార్డును పట్టేసింది. మన దగ్గర ఆ 20 డాలర్లు కూడా అక్కర్లేదు. పోలింగ్ బూతు వారీగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉన్న ఓటర్ల జాబితాలు ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. పల్లెటూళ్ళో అయితే జాబితా కూడా వద్దు. "ఫలానా ఊరు, 34 ఏళ్ళ అంగన్‌వాడీ కార్యకర్త, డయాలసిస్" అంటే రచ్చబండ దగ్గర ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

ఇక్కడ పాటించే లెక్క ఇది. బయటివాళ్ళకు తెలిసే అవకాశం ఉన్న సంగతులు ఏవో ముందు ఎంచండి: ఊరు, వయసు, లింగం, వృత్తి, కుటుంబంలో ఎంతమంది. ఈ కలయికలో ఒక్కొక్కదానికీ ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించండి. ఐదుకంటే తక్కువ ఉన్న కలయికలు ప్రమాదం. అప్పుడు ఊరిని మండలం స్థాయికి ఎత్తండి, వయసును ఐదేళ్ళ గుంపుల్లోకి మార్చండి, 80 దాటినవాళ్ళందరినీ "80 పైన" చేయండి, అరుదైన వృత్తులను పెద్ద వర్గంలో కలపండి. మళ్ళీ లెక్కించండి. ఆర్‌లో ఎస్‌డీసీమైక్రో అనే ఉచిత ప్యాకేజీ ఈ లెక్కలన్నీ చేసిపెడుతుంది. ఏవి ఎంచాలో మాత్రం అది చెప్పదు, ఆ ఊరి గురించి తెలిసినవాళ్ళే చెప్పాలి.

ఇక్కడ ఒక మెలిక చూడండి. వయసును గుంపుల్లోకి మార్చాం, సరే. కానీ క్రియాటినిన్, లింగం, వడపోత రేటు మూడూ దశాంశాలతో సహా ఫైలులో అలాగే ఉన్నాయనుకోండి. సూత్రాన్ని వెనక్కి తిప్పితే కచ్చితమైన వయసు బయటపడుతుంది! కాబట్టి బహిరంగ కాపీలో రేటుకు బదులు జబ్బు దశ ఇవ్వాలి. కచ్చితమైన విలువలు కావలసినవాళ్ళకు షరతులతో ఇచ్చే ఇంకో కాపీ ఉండాలి.

బావుల జీపీఎస్‌కు కూడా దారి ఉంది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏ డీహెచ్‌ఎస్ కుటుంబానికి (చాలా దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేలకు) చెందిందో, ఆ సర్వేల్లో పట్టణ బిందువులను 2 కిలోమీటర్ల లోపు, పల్లె బిందువులను 5 కిలోమీటర్ల లోపు యాదృచ్ఛికంగా జరిపారు, పల్లెల్లో నూటికి ఒకదాన్ని 10 దాకా జరిపారు. కానీ భూగర్భ జలాలు చదివేవాళ్ళకు 5 కిలోమీటర్లు జరిపిన బావి దేనికీ కొరగాదు. ఒక పక్క మనిషి, ఇంకో పక్క శాస్త్రం. నా తీర్పేమిటంటే, జరిపిన బిందువులు అందరికీ, అసలువి దరఖాస్తు పెట్టి మాట రాసిచ్చినవాళ్ళకే. ఎందుకంటే ఒక ఊరికి "కిడ్నీ ఊరు" అని పేరు పడితే దాన్ని మోసేది ఆ ఊళ్ళో పెళ్ళికి ఎదిగిన పిల్లలు.

ప్రజల మాటల్లో రాసుకున్న జవాబులను ఒక్కొక్కటిగా కళ్ళతో చదవాలి, వేరే మార్గం లేదు. "మా బావ ఆర్టీసీలో డ్రైవరు, ఆడికీ ఇదే జబ్బు" అన్న వాక్యంలో పేరు లేదు, అయినా మనిషి ఉన్నాడు.

వీటన్నిటికీ పైన సమ్మతి పత్రం. ఇంటివాళ్ళకు ఏమని చెప్పి సంతకమో వేలిముద్రో తీసుకున్నారో చదవండి. "మీ వివరాలు మా బృందం దాటి పోవు" అని రాసి ఉంటే, పేర్లు తీసేసినా సరే బహిరంగం చేయడానికి మనకు హక్కు లేదు. నైతిక కమిటీని అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకూ ఆర్కైవులకూ షరతులతో కొంత మినహాయింపు ఇచ్చింది కానీ, ఇచ్చిన మాటకు మినహాయింపు ఏ చట్టమూ ఇవ్వదు. బ్రిటన్ డేటా సర్వీసు మూడు గదులు పెట్టుకుంది: అందరికీ తెరిచినది, పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు, కట్టుదిట్టమైన కాపలాలో చూసుకునేది. చిన్న ఆర్కైవ్ కూడా కనీసం మొదటి రెండూ పెట్టుకోవచ్చు.

కోడ్‌బుక్, అడిగిన ప్రశ్న అడిగినట్టు

ప్రతి నిలువు వరుసకూ కోడ్‌బుక్‌లో ఉండవలసినవి: పేరు, ఒక వాక్యం వివరణ, ఇంట్లో అడిగిన ప్రశ్న మాటకు మాట, కోడ్‌లూ వాటి అర్థాలూ, కొలత, లేని విలువల కోడ్‌లు, ఈ ప్రశ్న ఎవరిని అడిగారు. ఈ చివరిది తరచూ జారిపోతుంది. "బోరు లోతు" 210 ఇళ్ళకే ఉంటే, మిగతావాళ్ళు చెప్పలేదని కాదు, బోరు ఉన్నవాళ్ళనే అడిగారని రాయాలి.

ప్రశ్నావళిని ఇంగ్లీషులోకి మార్చి తెలుగుది పారేయకండి. మన వైపు మాట ఎక్కడ ఎలా తిరుగుతుందో ఒక ఉదాహరణ. "మా గుంట ఈ నీళ్ళు తాగదండి" అని జవాబు. ఉత్తరాంధ్రలో గుంట అంటే పిల్ల. ఇతర జిల్లాలవాళ్ళు చదివితే అది గొయ్యి, లేదా నీటి మడుగు. తెలంగాణ వైపు పొలం లెక్కల్లో అయితే ఎకరంలో నలభయ్యో వంతు. నీళ్ళ సర్వేలో ఈ మాటను కోడ్ చేసే మనిషి "మడుగు నీళ్ళు" అని గీత గీసేస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకే స్థానిక మాటల పట్టిక ఒకటి, పది పదిహేను మాటలైనా సరే, కోడ్‌బుక్ చివర పెట్టండి. సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఆ మాత్రం మర్యాద మన మాటలకూ చేద్దాం.

శీర్షిక, లైసెన్సు, డీఓఐ

ఇది త్వరగా అయ్యే పని. "నీటి సర్వే డేటా" అన్న శీర్షికతో ఎవరికీ దొరకదు. "ఉద్దానంలో తాగునీరు, కిడ్నీ ఆరోగ్యం: కవిటి, సోంపేట, కంచిలి మండలాల ఇంటింటి సర్వే, 2018-19" అంటే వెతికేవాళ్ళకు దొరుకుతుంది. కీలకపదాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి. సర్వే డేటాకు డీడీఐ అనే వివరణ ప్రమాణం సరిపోతుంది. హార్వర్డ్‌వాళ్ళ డేటావర్స్ సాఫ్ట్‌వేరు ఉచితం, ఫారం నింపితే ఆ రూపంలోకి అదే మారుస్తుంది. సొంత సర్వరు లేకపోతే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే ఆన్‌లైన్ నిల్వ ఉంది, డీఓఐ, అంటే డేటాకు మారని గుర్తు సంఖ్య, కూడా ఇస్తుంది.

బహిరంగ కాపీకి సీసీ బై 4.0 లైసెన్సు సరిపోతుంది: ఎవరైనా వాడుకోవచ్చు, పేరు చెప్పాలి. ఎలా ఉదహరించాలో ఒక వాక్యం మీరే రాసి పెట్టండి. తర్వాత తప్పు దొరికితే ఫైలును చడీచప్పుడు లేకుండా మార్చొద్దు. 1.0 అలాగే ఉంచి 1.1 పెట్టి, ఏం మారిందో రాయండి. ఎవరో ఒకరు 1.0తో ఇప్పటికే వ్యాసం రాసి ఉంటారు.

తుపాను తీరంలో మూడు కాపీలు

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్నది ఎక్కడైనా చెప్పే సూత్రమే. మన తీరంలో "వేరే ఊరు" అన్న మాట జాగ్రత్తగా చదవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం కూడా చీకట్లో పడ్డాయి. శ్రీకాకుళంలో ఒకటి, విశాఖలో ఒకటి పెడితే రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నట్టే. మూడోది హైదరాబాదులోనో ఇంకా దూరంలోనో ఉండాలి. గది కింది అంతస్తులో ఉంటే డిస్కులను నేల మీద పెట్టకండి. ఆర్నెల్లకోసారి చెక్‌సమ్‌లు మళ్ళీ తీసి, మొదటి రోజు పట్టికతో పోల్చండి. తేడా వస్తే మంచి కాపీ నుంచి తెచ్చి పెట్టి, తేదీతో రాయండి.

తెరిచే ముందు ఒక పరీక్ష

అంతా అయ్యాక, ఈ సర్వేతో ఏ సంబంధమూ లేని ఒక విద్యార్థిని పిలవండి. మూట చేతిలో పెట్టి, థీసిస్‌లోని ఒక పట్టికను మళ్ళీ తయారు చేయమనండి. మీరు పక్కనే కూర్చోండి, కానీ నోరు విప్పొద్దు. వివరించాలని నాలుక పీకుతుంది, ఆగండి. ఆ విద్యార్థి అడిగే ప్రతి ప్రశ్నా మీ కోడ్‌బుక్‌లో ఉన్న కన్నం.

విజయనగరం నుంచి వచ్చిన ఒకమ్మాయిని వేరే డేటాతో ఇలా కూర్చోబెట్టాను. మేమంతా నాలుగైదుసార్లు సరిచూసిన ఫైలు. పది నిమిషాలకు తలెత్తి, "కొళాయి అని ఉంది కదండీ, అది ఇంట్లో కొళాయా, వీధి కొళాయా?" అంది. మా ఎవరికీ తెలీదు. పరిశోధకుడికి అప్పటికప్పుడే ఫోన్ చేశాం. అదృష్టం, ఎత్తాడు. "వీధి కొళాయేనండీ, ఇంట్లోవి ఇంకా రాలేదప్పటికి" అన్నాడు. ఆ మాటను కోడ్‌బుక్‌లో ఎక్కించి, తేదీ వేసి, ఆ అమ్మాయిని రెండో పట్టిక మొదలుపెట్టమన్నాను.